మంచులో పెట్టిన మందుపెట్టె

అధ్యక్షస్థానంలో ఉన్న రెక్టర్ బెక్‌ముర్జా గారికి, వేదిక మీద నా పక్కనే కూర్చుని ఇతను ఎంతసేపు మాట్లాడతాడో అని గడియారం వంక చూస్తున్న పెద్దలకి, ముప్పై తొమ్మిదేళ్లుగా ఒకే టీ గదిలో నాతో పోట్లాడుతూ వచ్చిన తోటి ఉపాధ్యాయులకి, గుర్రాల్ని బయట కంచెకి కట్టేసి వచ్చిన కాపరి సోదరులకి, మన హాస్టల్ వార్డెన్ జూరా అక్కకి, ఆవిడ వెనక నక్కి కూర్చున్న వంటవాళ్లకి, ఈ పూట క్లాసులు లేవని తెలిశాకే ఇటు అడుగు పెట్టిన విద్యార్థులకి, అందరికీ ఈ ఒమురాలీ సలాములు.

(నవ్వులు)

ఇందాకటి నుంచి నన్ను పొగుడుతున్నారు. ఒకాయన నన్ను కొండతో పోల్చాడు. ఒకావిడ పెద్ద చెట్టంది. మా ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది, తనేమంటుందో నాకు బాగా తెలుసు కాబట్టి అడగదలుచుకోలేదు. పొగడ్తలు వినడానికి బాగానే ఉన్నాయి, కాదనను. కానీ నాకు లోపల వేరే దిగులుంది. అది చెప్పకుండా దండ వేయించుకుని కిందికి దిగిపోతే ఈ రాత్రికే కాదు, ఇక ఏ రాత్రికీ నాకు నిద్ర పట్టదు.

విషయం ఇది. గురువారం నాడు పాలకమండలి కూర్చుంటుంది. నేను ఖాళీ చేస్తున్న కుర్చీలో, అంటే పశువైద్య శాఖ అధిపతి కుర్చీలో, ఎవరు కూర్చోవాలో తేలుస్తుంది. మన శాఖలోనే పాఠాలు చెప్తున్న కుందుజ్ పేరు అందరికంటే ముందుంది, ఉండాలి కూడా. కానీ వారం రోజులుగా ఇరవై రెండేళ్ల నాటి కాగితం ఒకటి ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతోంది. మూడో సంవత్సరం విద్యార్థిని కుందుజ్ నిర్లక్ష్యంగా గొర్రెల టీకా మందు పాడుచేసిందని, ఆమెను కఠినంగా మందలించి ఏడాది వెనక్కి వేశామని అందులో ఉంది. ఇలాంటి మనిషి చేతికి శాఖ ఎలా ఇస్తామని కొందరు గొణుగుతున్నారు. గొణిగేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, వాళ్లకు ముందు వరసలో కుర్చీలు కూడా దొరికాయి. అమ్మా కుందుజ్, లేచి వెళ్లకు, కూర్చో. నేను ఈ మైకు పట్టుకున్నది ఆ కాగితం గురించి మాట్లాడటానికే. కాకపోతే గంటన్నర పాఠాలు చెప్పి చెప్పి అలవాటైన నోరు ఇది, ఒక్క నిమిషంలో తేల్చమంటే తేలదు. కొంచెం ఓపిక పట్టండి.

మన విశ్వవిద్యాలయం గురించి బయటివాళ్లు అడిగితే ప్రయోగశాలలు చూపిస్తాం, లైబ్రరీ చూపిస్తాం, కొత్త ఆపరేషన్ గది చూపిస్తాం. నన్నడిగితే హాస్టల్ రెండో అంతస్తులో వంటగది చూపిస్తాను. మసిపట్టిన గోడలు, ఒకే ఒక్క పెద్ద బానపొయ్యి, ముప్పై మంది పట్టే బల్ల. ఇంటి నుంచి తెచ్చుకున్న సంచి ఎవరూ గదిలో విప్పకూడదు, వంటగది బల్ల మీదే విప్పాలి. ఈ నియమం ఏ పుస్తకంలోనూ లేదు, జూరా అక్క నోట్లో ఉంది. నెయ్యి అయినా, ఎండబెట్టిన పెరుగు ఉండలైనా, గుర్రపు మాంసం సాసేజ్ అయినా, ఆఖరికి ఏమీ లేని ఖాళీ సంచి అయినా సరే, అక్కడే విప్పాలి. ఖాళీ సంచి విప్పిన పిల్లని ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు, పక్కకి జరిగి చోటిచ్చేవాళ్లు.

ఒక్కడు మాత్రం మొదటి సంవత్సరంలో మూర పొడుగు సాసేజ్‌ని పరుపు కింద దాచాడు. నాలుగో రోజుకి కారిడార్ అంతా ఘాటైన మాంసం వాసన. జూరా అక్క నేరుగా గదిలోకి వెళ్లి పరుపెత్తి చూసి, "ఒరేయ్, నీ పరుపు కింద గుర్రం చచ్చిందిరా, దానికి పోస్టుమార్టం నువ్వే చెయ్యి" అంది. ఆ కుర్రాడి పేరు చెప్పను. ఇప్పుడతను రెక్టరు, ఆయన మర్యాద ఆయనకుండాలి.

(పెద్దగా నవ్వులు, చప్పట్లు)

రెక్టర్ గారూ, మీరలా ఎర్రబడకండి. ఆ మర్నాడు మీరే దాన్ని బల్ల మీద పెట్టి అందరికీ కోసి పంచారు, ఆ సంగతి కూడా చెప్తున్నాను. మనం ఇక్కడ నేర్పేదంతా అదే. తప్పు అందరూ చేస్తారు. దాన్ని బల్ల మీదకి తెచ్చేవాళ్లు కొందరే.

కుందుజ్ ఈ విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు గొర్రెల మీద ప్రేమతో రాలేదు. ఆమెకి పట్నంలో ఆఫీసు ఉద్యోగం కావాలి, ఎత్తుమడమల చెప్పులు కావాలి. వేరే చోట సీటు రాక ఇక్కడ చేరింది. మొదటి సంవత్సరంలో గొర్రె ఈనడం చూసి నిలువునా పడిపోతే నలుగురు మోసుకొచ్చారు. "పశువైద్యం చదవడానికొచ్చి పశువు కంటే ముందు నువ్వు పడిపోతే ఎలాగే?" అని నేనే ఎగతాళి చేశాను. ఆ పిల్ల ఎప్పుడు మారిందో ఏ ఒక్కరూ ఖచ్చితంగా చెప్పలేరు. నా పాఠాల వల్ల మారిందని చెప్పుకోవాలని నాకూ ఉంది గానీ, నేను పాఠం చెప్తున్నప్పుడు ఆమె ఎక్కువగా కిటికీలోంచి బయటికే చూసేది. రెండో ఏడాది చలికాలంలో పై తరగతి పిల్లలు కాన్పులకు వెళ్తుంటే కందీలు పట్టుకుని వెంటవెళ్లడం మొదలుపెట్టింది. కాపరుల ఆడవాళ్లతో పొద్దస్తమానం కబుర్లు చెప్పేది. ఏ గొర్రె ఎందుకు మేత మానిందో వాళ్ల దగ్గర విని, వచ్చి పుస్తకంలో వెతికేది, పుస్తకంలో లేకపోతే నా ప్రాణం తీసేది. చుట్టూ పదిమంది ఒకే పని మీద పడి బతుకుతుంటే, అందులో మనిషికి తన పనేదో తనకే తెలిసొస్తుంది. ఆమెకలా తెలిసింది.

ఇక ఆ కాగితం సంగతి.

ఇరవై రెండేళ్ల కింద, మే నెల మొదటి వారం. వేసవి మేత కొండలకు మందలు ఎక్కే ముందు గొర్రెలకి చిటుకు రోగం రాకుండా టీకాలు వెయ్యాలి. లేత పచ్చిక మీద పడ్డ గొర్రెకి ఆ రోగం వస్తే పొద్దున మేసింది మధ్యాహ్నానికి చచ్చిపడుంటుంది, మందు తేవడానికి కూడా వ్యవధి ఇవ్వదు. కాపరులకు ఇది తెలుసు, మీకూ తెలుసు. మూడో సంవత్సరం పిల్లలు పన్నెండుమందిని తీసుకుని నేను కొండ కింద శిబిరానికి వెళ్లాను. మందుపెట్టెల బాధ్యత కుందుజ్‌ది. రెండో రోజు కరెంటు పోయింది, ఫ్రిజ్ ఆగిపోయింది. కుందుజ్ పెట్టెల్ని గోడనీడన ఉన్న మంచుగుట్టలో పాతిపెట్టింది. మన కొండల్లో పుట్టినవాళ్లు ఎవరైనా అదే చేస్తారు. మాంసం మంచులో పెడతాం, వెన్న మంచులో పెడతాం, మనకు మంచు ఎప్పుడూ మేలే చేసింది. కానీ ఆ మందు చల్లగా ఉండాలే తప్ప గడ్డకట్టకూడదు. గడ్డకట్టి కరిగిందంటే ఇక అది నీళ్లతో సమానం.

తర్వాత మూడు రోజుల్లో తొమ్మిది కుటుంబాల మందలకి, మూడువేల ఎనిమిది వందల గొర్రెలకి ఆ నీళ్లు పొడిచాం. ఆఖరి మంద దగ్గర ఆఖరి సీసా ఊపి చూసి కుందుజ్ ఆగిపోయింది. అడుగున తెల్లటి పలుకులు దిగుతున్నాయి, ఎంత ఊపినా కలవడం లేదు. తోటిపిల్లలు "పాత సరుకు కాబోలు, పొడిచెయ్యవే, అయిపోయింది కదా" అన్నారు. నిజంగానే అయిపోయింది. ఎవరికీ తెలిసే అవకాశం లేదు. గొర్రెలు చచ్చినా పచ్చిక మీద చచ్చాయనుకునేవాళ్లు. ఆ పిల్ల వెనక్కి రాగానే లైబ్రరీకి పోయి, పుస్తకం తీసి, చదివి, మర్నాడు పొద్దున్నే ఉపాధ్యాయులందరూ ఉన్న గదిలోకి వచ్చి నిలబడింది. "మందు గడ్డకట్టింది. టీకా ఒక్కదానికీ పట్టి ఉండదు. మందలు కొండెక్కేలోపు మళ్లీ వెయ్యాలి" అంది. మాట తడబడలేదు.

అదే రోజు సమావేశం పెట్టారు. అప్పటి శాఖాధిపతి, ఇప్పుడు లేరు, కోపిష్టి మనిషి, బల్ల గుద్ది "ఈ పిల్లని పంపించెయ్యాలి, పేరు కొట్టెయ్యాలి" అన్నారు. కాపరుల తరఫున కాసిమాలి పెద్దాయనని పిలిపించారు, ఫిర్యాదు రాసిస్తాడేమోనని. ఆయన గుర్రం దిగి, మట్టి బూట్లతోనే లోపలికొచ్చి, మొత్తం విని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని అడిగాడు. అదుగో, కిటికీ పక్కన కూర్చున్నాడు, ఎనభై నాలుగేళ్లు. పెద్దాయనా, మీరప్పుడన్న మాట నాకు ఒక్క అక్షరం మరుపు రాలేదు.

"నా గొర్రెలు ఇంకా బతికే ఉన్నాయి. చావకముందే వచ్చి చెప్పిన పిల్లని తోలేస్తారా? మరైతే చచ్చాక కూడా నోరిప్పనోళ్లని ఏం చేస్తారయ్యా మీరు?"

జూరా అక్కని ఎవరూ పిలవలేదు, అయినా గుమ్మంలో నిలబడి ఉంది, చేతికి పిండి అంటుకుని ఉంది. "అది నా వంటగదిలో పెరిగింది. దాచుకోవడం నేను నేర్పలేదు. తప్పయితే నన్ను పంపించెయ్యండి" అంది.

(చప్పట్లు)

ఆగండి. చప్పట్లు వాళ్లకి కొట్టండి, తర్వాత కొట్టండి. ముందు ఇది వినండి. శాఖాధిపతి కుందుజ్ వైపు తిరిగి అడిగారు: "మంచులో పెట్టమని నీకెవరు చెప్పారు?"

(కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు)

నేను చెప్పాను.

ఫ్రిజ్ ఆగగానే ఆ పిల్ల పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వచ్చింది. "మాస్టారూ, మందు వేడెక్కిపోతుందేమో, కింద ఊళ్లోకి ఎవరినైనా పంపిద్దామా?" అంది. నేను టీ తాగుతూ పిల్లల్ని నవ్విస్తున్నాను. "కొండమీద పుట్టి చలికి దిక్కులేనట్టు మాట్లాడతావేంటే? మీ అమ్మ వెన్న ఎక్కడ పెడుతుంది? అంత మంచు ఊరికే పడుంటే ఫ్రిజ్జు కావాలా నీకు, పో, అందులో పెట్టు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ మందు గడ్డకట్టకూడదని అదే ఏడాది చలికాలంలో బోర్డు మీద రాసి చెప్పింది నేనే. కానీ ఆ పూట నా నోట వచ్చింది చదువు కాదు, అలవాటు. ఆమె సందేహంగా నిలబడింది కూడా. నేను చేత్తో తోలేశాను.

ఆ ప్రశ్నకి కుందుజ్ నావైపు చూడలేదు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ఆమెవైపు చూశాను. ఆమె నేల చూస్తూ "నేనే పెట్టాను సార్" అంది. చేతిలో పెన్నుతో నేనున్నాను, ఆ రోజు సమావేశం తీర్మానాలు రాసే పని నాది. "సొంత నిర్ణయంతో మంచులో ఉంచినందున" అని రాశాను. ఈ వారమంతా మీరు చేతులు మార్చుకుంటున్న కాగితంలో చేతిరాత ఎవరిదో ఒక్కరైనా గమనించారా? ఏళ్ల తరబడి నా చేతిరాతలో మార్కులు తీసుకున్నవాళ్లు నలుగురున్నారు ఆ మండలిలో.

ఎందుకు నోరిప్పలేదని అడుగుతారు. ఆ ఏడాది జూన్‌లో నా పదోన్నతి ఉంది. దానికంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే చెప్పుకునేవాణ్ణి, లేదు. భయపడ్డాను, అంతే. చిన్న భయమే. చిన్నదవడం వల్ల ఇరవై రెండేళ్లు జేబులోనే పట్టింది.

ఆ తర్వాత జరిగింది మీలో చాలామంది కళ్లారా చూశారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, వంటగది బల్ల దగ్గరే పుట్టి ఉంటుంది, మర్నాడు విశ్వవిద్యాలయం మొత్తం కదిలింది. మనవాళ్లు దాన్ని అషర్ అంటారు, ఒకడి ఇంటి గోడ కూలితే ఊరంతా వచ్చి కట్టడం. ఆ రోజు కూలింది ఒక ఆడపిల్ల గోడ. నూట నలభైమంది విద్యార్థులు, గుర్రాలున్నవాళ్లు గుర్రాల మీద, లేనివాళ్లు లారీ వెనక, కొండదారి పట్టారు. జీవితంలో గొర్రెని ముట్టుకోని లైబ్రరీ ఆవిడ పొట్టేలు కొమ్ములు పట్టుకుని "ఇది కదులుతోందండీ!" అని కేకలు పెడుతోంది. జూరా అక్క బానపొయ్యిని లారీ ఎక్కించింది. కాపరులు కొండెక్కడం ఆపి మందల్ని మళ్లీ దొడ్లలోకి తోలారు, వాళ్లకది ఎంత కష్టమో వాళ్లకే తెలుసు, అయినా ఒక్కరూ మాట తూలలేదు. పట్నం నుంచి తెప్పించిన కొత్త మందుతో మూడు రోజుల్లో మూడువేల ఎనిమిది వందల సూదులు. కుందుజ్ ప్రతి సీసానీ ఊపి, వెలుతురుకి ఎత్తి చూసి, అప్పుడు చేతికిచ్చేది. నేనూ వెళ్లాను. అందరికంటే ఎక్కువ పొడిచానని నాకు మెచ్చుకోలు కూడా దొరికింది.

రెండో టీకా పట్టేలోపే కాసిమాలి పెద్దాయన మందలో ఏడు గొర్రెలు పోయాయి. పెద్దాయనా, ఆ ఏడూ ఆ పిల్ల వల్ల పోలేదు, నా వల్ల పోయాయి. నన్ను క్షమించండి. మీరు తలాడిస్తున్నారు, వినపడిందో లేక మీకు ముందే తెలుసో నాకు తెలియడం లేదు.

కుందుజ్‌ని పంపించలేదు, ఏడాది వెనక్కి వేశారు, స్కాలర్‌షిప్ ఆపారు. ఆ ఏడాదంతా జూరా అక్కతో వంటగదిలో పనిచేస్తూ, తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని మళ్లీ అవే పాఠాలు విన్నది, నా పాఠాలతో సహా. మొదటి రోజు నేను తలెత్తి ఆ బెంచీ వైపు చూడలేకపోయాను. ఆమె మాత్రం నోట్సు రాసుకుంటోంది, కిటికీలోంచి చూడటం మానేసింది. ఆ ఏడాదే గడ్డకట్టిన సీసా ఒకటి, మంచి సీసా ఒకటి పక్కపక్కన పెట్టి, రెండూ ఊపి, తేడా కళ్లతో చూపించే పాఠం మొదలుపెట్టింది. ముందు తోటిపిల్లలకి, తర్వాత కాపరులకి, వాళ్ల ఇళ్లకే వెళ్లి. ఈనాటికీ మే నెలలో మొదటి సంవత్సరం పిల్లలందరూ ఆ రెండు సీసాలూ ఊపుతారు. దాన్ని ఎవరు మొదలుపెట్టారో వెనక కూర్చున్న మీలో ఎంతమందికి తెలుసు? అప్పటి నుంచి మన లోయలో టీకా వృథా అయిన మంద ఒక్కటీ లేదు. ఎత్తుమడమల చెప్పులు కావాలన్న పిల్ల పట్నం నుంచి వచ్చిన ఉద్యోగం రెండుసార్లు కాదని ఇక్కడే ఉండిపోయింది. ఆమెని అలా తయారుచేసింది నేనని ఇందాక ఒక వక్త అన్నారు. అబద్ధం. ఆమెని తయారుచేసింది ఈ హాల్లో ఉన్న వార్డెన్, కాపరి, లారీ ఎక్కిన పిల్లలు, పొట్టేలు కొమ్ములు పట్టుకున్న లైబ్రరీ ఆవిడ. నన్ను కూడా మీరే తయారుచెయ్యాలని చూశారు, నేను కొంచెం మొండి సరుకుని, ఆలస్యమైంది.

ఈ పొద్దున రెక్టర్ గారి బల్ల మీద ఒక ఉత్తరం పెట్టాను. ఇప్పుడు చెప్పిందంతా అందులో సంతకంతో ఉంది. ఆ మందలింపు కుందుజ్ పేరు మీద నుంచి తీసి నా పేరు మీద రాయమని అడిగాను. రేపటి నుంచి నాకు ఇస్తామన్న గౌరవ ఆచార్య బిరుదు ఆపేయమని కూడా రాశాను. కుందుజ్‌ని ఎన్నుకోమని నేను చెప్పను, అది మీ పని. ఎన్నుకోకపోతే మాత్రం వేరే కారణం వెతుక్కోండి, ఈ కాగితం ఇక పనికిరాదు.

ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. టీ గదిలో నా కప్పు పగలగొట్టి, అతికించి, ఏమీ ఎరగనట్టు అక్కడే పెట్టిన వాళ్లకి కూడా. జూరా అక్కకి చేతులెత్తి దండం. మా ఆవిడకి ఈ సంగతి నిన్ననే చెప్పాను, "నీకిప్పుడు తీరిందా?" అంది, దానికి కూడా కృతజ్ఞుణ్ణే.

ఒక్క మాట మిగిలింది. కుందుజ్ పట్టా పుచ్చుకున్న రోజు, జనం అంతా వెళ్లాక, బయట మెట్ల మీద ఆపి అడిగాను. "ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదమ్మా?" కోపంగా చూస్తుందనుకున్నాను, లేదంటే పెద్దమనసు చూపిస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ఆశ్చర్యపోయింది.

"మీరే చెప్తారనుకున్నా మాస్టారూ" అంది.

చెప్పాను, కుందుజ్. సెలవు.